ఫోటోను సామాన్యుడి చేతికిచ్చిన ఈస్ట్‌మన్

పెళ్లి జరిగినా, జాతర జరిగినా, చేలో పైరుకు తెగులు సోకినా నేడు ముందుగా జేబులోంచి బయటికి వచ్చేది సెల్‌ఫోన్. ఆకు మీది మచ్చను ఫోటో తీసి వ్యవసాయాధికారికి పంపి, ఏ మందు కొట్టాలో అడిగే రైతులు ఊరూరా ఉన్నారు. తీసిన ఫోటోలో వెలుతురు సరిచేయడం, అక్కర్లేని పక్కభాగాన్ని కత్తిరించడం, రంగులు దిద్దడం హైస్కూలు పిల్లలు కూడా నేర్చుకుంటున్నారు. ఇదంతా ఎంత సులువుగా జరిగిపోతున్నదో చూస్తే, ఒకప్పుడు ఒక్క ఫోటో తీయాలంటే బండెడు సామాను కావలసి వచ్చేదంటే నమ్మబుద్ధి కాదు. ఆ బరువును తగ్గించి, ఫోటోగ్రఫీని సామాన్యుల చేతికి అందించిన వారిలో ముఖ్యుడు జార్జ్ ఈస్ట్‌మన్. మన పట్టణాల స్టూడియోలలో ఏళ్ల తరబడి కనిపించిన పసుపు రంగు 'కోడక్' పెట్టెల వెనుక ఉన్న మనిషి ఆయనే. ఆయన శాస్త్రవేత్త కాదు, కాలేజీలో చదవలేదు. ఫోటో తీయడం నేర్చుకోవాలని ఫీజు కట్టి పాఠాలు చెప్పించుకున్న ఒక బ్యాంకు గుమాస్తా.

తల్లి కష్టం చూసి...

ఈస్ట్‌మన్ 1854 జూలై 12న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో వాటర్‌విల్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి రోచెస్టర్ పట్టణంలో వ్యాపార విద్య నేర్పే పాఠశాల నడిపేవాడు. 1862లో తండ్రి హఠాత్తుగా చనిపోవడంతో సంసారం తల్లి మరియా మీద పడింది. ఆమె తమ ఇంట్లోనే అద్దెవారికి గదులిచ్చి, వండిపెట్టి, ఆ వచ్చే డబ్బుతో పిల్లలను సాకింది. ఇద్దరు అక్కలలో ఒకరికి పోలియో. ఆ అక్క 1870లో చనిపోయింది.

తల్లి పడుతున్న కష్టం చూడలేక ఈస్ట్‌మన్ 14వ ఏట బడి మానేశాడు. ఒక బీమా కంపెనీలో వారానికి 3 డాలర్ల జీతానికి కాగితాలు అందించే కుర్రాడుగా చేరాడు. సాయంత్రాలు ఇంట్లో కూర్చుని లెక్కలు రాయడం నేర్చుకున్నాడు. 1874లో రోచెస్టర్ సేవింగ్స్ బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. జీతం వారానికి 15 డాలర్లు దాటింది. కుటుంబం ఊపిరి పీల్చుకుంది.

5 డాలర్ల పాఠాలు

1877 ప్రాంతంలో ఆయన సెలవు పెట్టి శాంటో డొమింగో అనే ద్వీప ప్రాంతం చూసి రావాలనుకున్నాడు. చూసినవాటిని ఫోటోలు తీసుకొస్తే బాగుంటుందని తోటి ఉద్యోగి ఒకరు సలహా ఇచ్చారు. ఈస్ట్‌మన్ సామాను కొన్నాడు. అది చూస్తే గుర్రం మీద వేసే మోత! పెద్ద సబ్బుల పెట్టెంత కెమెరా, దాన్ని నిలబెట్టే బరువైన ముక్కాలి స్టాండు, గాజు పలకలు, మందుల సీసాలు, తొట్లు, నీళ్ల కూజా, చివరికి ఒక గుడారం కూడా. వీటిని వాడే పద్ధతి నేర్చుకోవడానికి ఊళ్లోని ఫోటోగ్రాఫరుకు 5 డాలర్లు ఇచ్చాడు. అంటే వారం జీతంలో మూడోవంతు.

ఆనాటి పద్ధతిని తడి పలక పద్ధతి అంటారు. గాజు పలకను శుభ్రంగా తుడిచి, దాని మీద కలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, సమంగా పరుచుకునేటట్టు అటూ ఇటూ వంచాలి. తర్వాత చీకట్లో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. పలక తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీయాలి. తీసిన వెంటనే గుడారంలోకి పరుగెత్తి మందులతో కడగాలి. పలక ఆరిపోయిందా, శ్రమంతా వృథా. అందువల్ల ఫోటోగ్రాఫరు ఎక్కడికి వెళితే చీకటి గది అక్కడికి వెళ్లాల్సిందే.

దాదాపు ఆ రోజుల్లోనే మన దేశంలో ఇండోర్‌లోని పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేస్తున్న దీన్‌దయాళ్ కూడా ఫోటోగ్రఫీ నేర్చుకున్నాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరై హైదరాబాదులో పేరు తెచ్చుకున్న రాజా దీన్‌దయాళ్ ఆయనే. ఉద్యోగం చేసుకుంటూ కొత్త విద్య పట్టుకున్న వారు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

వంటింట్లో ప్రయోగాలు

ఈస్ట్‌మన్ అనుకున్న ప్రయాణం చేయనే లేదు. కాని ఫోటోగ్రఫీ మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇంత మోత మోయకుండా ఫోటో తీసే మార్గం లేదా అన్నదే ఆయన ఆలోచన. ఇంగ్లండ్‌లో కొందరు కలోడియన్‌కు బదులు జెలటిన్ వాడి, ఆరిన తర్వాత కూడా పనిచేసే పలకలు తయారు చేస్తున్నారని పత్రికల్లో చదివాడు. జెలటిన్ అంటే పశువుల ఎముకలు, చర్మం ఉడికించి తీసే జిగురు పదార్థం. ఆ పత్రికల్లోని వివరాల ప్రకారం తానే మందు కలపడం మొదలుపెట్టాడు.

పగలు బ్యాంకులో లెక్కలు. రాత్రి తల్లి వంటింట్లో ప్రయోగాలు. ఒక్కొక్క రాత్రి పని ముగిసేసరికి బట్టలు మార్చుకునే ఓపిక కూడా లేక, పొయ్యి పక్కనే దుప్పటి పరుచుకుని పడుకునేవాడు. ఇలా మూడేళ్లు గడిచాయి. పలకల మీద మందును సమంగా పూసే యంత్రాన్ని కూడా రూపొందించాడు. దానికి 1879లో ఇంగ్లండ్‌లోను, 1880లో అమెరికాలోను పేటెంటు వచ్చింది.

1880లో రోచెస్టర్‌లో ఒక మేడ మూడో అంతస్తు అద్దెకు తీసుకుని పలకలు తయారు చేసి అమ్మసాగాడు. 1881 జనవరిలో హెన్రీ స్ట్రాంగ్ అనే ఆయన భాగస్వామిగా చేరి పెట్టుబడి పెట్టాడు. స్ట్రాంగ్ ఫోటోల మనిషి కాదు. గుర్రపు బగ్గీలకు వాడే కొరడాలు తయారు చేసే వ్యాపారి, ఈస్ట్‌మన్ తల్లి ఇంట అద్దెకున్నవాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఈస్ట్‌మన్ బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. నెల తిరగ్గానే జీతం చేతికొచ్చే కొలువు వదులుకోవడం ఆ ఇంటికి చిన్న సంగతి కాదు.

పరువా, డబ్బా?

మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. దుకాణాల్లో నిలవ ఉన్న పలకలు పాడైపోతున్నాయని, ఫోటో పడడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. కొన్నవారిదే తప్పని తప్పించుకోవచ్చు. ఈస్ట్‌మన్ ఆ పని చేయలేదు. పాడైన సరుకంతా వెనక్కి తీసుకున్నాడు. బదులు మంచివి ఇస్తానన్నాడు. దాంతో చేతిలో ఉన్న డబ్బంతా హరించుకుపోయింది. తీరా చూస్తే కొత్తగా చేసిన పలకలు కూడా సరిగా పనిచేయలేదు. ఎన్ని విధాలుగా కలిపినా మందు కుదరలేదు. ఫ్యాక్టరీ మూతపడింది. చివరికి స్ట్రాంగ్‌తో కలిసి ఇంగ్లండ్ వెళ్లి, అక్కడి పలకల తయారీదారుల వద్ద పని చూసి వచ్చాడు. లోపం తన కలపడంలో లేదు, కొన్న జెలటిన్‌లో ఉందని తేలింది. ఇకపై ప్రతి సరుకునూ ముందుగా పరీక్షించి గాని వాడకూడదని నియమం పెట్టుకున్నాడు.

ఆ జెలటిన్ రహస్యం 1920లలో గాని పూర్తిగా బయటపడలేదు. పశువులు మేసే ఆవజాతి మొక్కల్లోని గంధక పదార్థం జెలటిన్‌లో లేశమాత్రంగా చేరితేనే ఫోటో చక్కగా పడుతుందని ఆయన కంపెనీ ప్రయోగశాలలోని షెపర్డ్ అనే శాస్త్రవేత్త కనుగొన్నాడు. గొడ్డు తిన్న మేతకూ, ఫోటోలోని వెలుగుకూ సంబంధం ఉందన్న మాట!

గాజు పోయి ఫిల్మ్ వచ్చింది

తర్వాత ఈస్ట్‌మన్ చూపు గాజు మీద పడింది. గాజు బరువు, పైగా పగిలిపోతుంది. ముందు కాగితం మీద మందు పూసి చుట్టగా చుట్టే పద్ధతి తెచ్చాడు. 1888లో ఆ చుట్టను లోపల అమర్చిన చిన్న చేతి కెమెరా విడుదల చేశాడు. దానికి 'కోడక్' అని పేరు పెట్టాడు. ఆ మాటకు ఏ భాషలోనూ అర్థం లేదు. ఆయనే కల్పించాడు. ధర 25 డాలర్లు. అందులో 100 ఫోటోలు తీయవచ్చు. అవి అయిపోయాక కెమెరాను అలాగే కంపెనీకి పంపి 10 డాలర్లు కడితే, ఫోటోలు కడిగి, అచ్చువేసి, కొత్త చుట్ట పెట్టి తిరిగి పంపేవారు. 1889లో కాగితం స్థానంలో పారదర్శకమైన ఫిల్మ్ వచ్చింది. ఎడిసన్ తన చలనచిత్ర ప్రయోగాలకు వాడిందీ ఈ ఫిల్మే. మన టూరింగ్ టాకీసుల్లో ఆడిన రీళ్లకు మూలం అక్కడ ఉంది.

అయితే ఈ ఫిల్మ్ కథలో ఒక మచ్చ కూడా ఉంది. హానిబల్ గుడ్విన్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఇటువంటి ఫిల్మ్‌కే 1887లో పేటెంటు కోరాడు. అది ఆయనకు 1898లో గాని రాలేదు. 1900లో ఆయన చనిపోయాడు. ఆయన హక్కులు పొందినవారు కోర్టుకెక్కి గెలిచారు. 1914లో ఈస్ట్‌మన్ కంపెనీ 50 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. పోటీదారులను ఎదగనీయలేదన్న ఆరోపణ మీద ప్రభుత్వం వేసిన దావాలో కూడా ఆ కంపెనీ ఓడిపోయింది.

1900లో 'బ్రౌనీ' అనే పెట్టె కెమెరా వచ్చింది. ధర ఒక్క డాలరు. ఫిల్మ్ 15 సెంట్లు. మొదటి ఏడాదే లక్షకు పైగా అమ్ముడుపోయాయి. పిల్లలు, కూలివారు, గృహిణులు కూడా తమ వారి ముఖాలను తామే ఫోటో తీసుకునే రోజు వచ్చింది.

గుప్తదానాలు

ఈస్ట్‌మన్ పెళ్లి చేసుకోలేదు. 1907లో తల్లి చనిపోయే వరకు ఆమెను కంటికి రెప్పలా చూసుకున్నాడు. లాభాల్లో కార్మికులకు వాటా ఇచ్చే పద్ధతి 1912లో ప్రవేశపెట్టాడు. అదే ఏడాది ఒక ప్రసిద్ధ సాంకేతిక విద్యాసంస్థ అయిన ఎం.ఐ.టి.కి 25 లక్షల డాలర్లు ఇచ్చాడు. తన పేరు చెప్పవద్దన్నాడు. ఆ దాత 'స్మిత్' అనే పెద్దమనిషి అనే 1920 వరకు లోకం అనుకుంది. నల్లజాతి వారి విద్య కోసం నెలకొన్న టస్కెగీ, హాంప్టన్ సంస్థలకు, రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి భారీగా విరాళాలిచ్చాడు. పేద పిల్లల పళ్లకు వైద్యం చేసే ఆసుపత్రులు రోచెస్టర్‌లోనే కాక లండన్, రోమ్, పారిస్ వంటి నగరాల్లో కూడా కట్టించాడు. మొత్తం దానాలు 10 కోట్ల డాలర్లు దాటాయి.

చివరి రోజుల్లో వెన్నెముక జబ్బు ఆయన్ని కుంగదీసింది. నడవడం కష్టమైంది. 1932 మార్చి 14న, 77వ ఏట, తన చేతులతోనే జీవితం ముగించుకున్నాడు. అంత పేరు, అంత ధనం ఉన్న మనిషికి చివరి బాధలో తోడు చాలకపోవడం విచారకరం.

మన యువకులకు

ఆయన పోయిన 43 ఏళ్లకు, 1975లో, ఫిల్మ్ అక్కర్లేని డిజిటల్ కెమెరా తయారైంది. దాన్ని తయారుచేసిన స్టీవెన్ శాసన్ కోడక్ ఇంజనీరే. కాని ఫిల్మ్ అమ్మకం మీద బతికే కంపెనీ కొత్త దారి పట్టడంలో వెనుకబడి, 2012లో దివాలా పిటిషన్ వేసింది. చేతిలో ఉన్న పద్ధతిని పక్కనపెట్టి మెరుగైనదాన్ని వెతకడమే ఈస్ట్‌మన్ జీవితం. ఆయన కంపెనీ ఆ గుణాన్ని నిలుపుకోలేకపోయింది.

ఒక సంగతి గమనించాలి. తడి పలకల రోజుల్లో ఫోటోగ్రాఫరే అన్నీ చేసుకునేవాడు. కోడక్ వచ్చాక మనం మీట నొక్కితే చాలు, మిగతా పనంతా ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. డిజిటల్ వచ్చాక ఆ చీకటి గది మళ్లీ మన చేతిలోకే వచ్చింది. ఎడిటింగ్ అంటే అదే. కనుక మళ్లీ నేర్చుకోక తప్పదు.

కొత్తగా నేర్చుకునేవారు ఈస్ట్‌మన్ దారి పట్టవచ్చు. తెలిసినవారిని అడగాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి చూడాలి. రెండు మూడు కలిపి మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. వెలుగు ఎటునుంచి పడుతోందో ముందు చూసి తర్వాత ఫోటో తీయాలి. దిద్దే ముందు అసలు ఫోటోను విడిగా దాచి, నకలు మీదనే పని చేయాలి. పెళ్లి ఫోటోలో రంగు పెంచితే ఎవరికీ నష్టం లేదు. పంట నష్టానికి, పొలం తగాదాకు సాక్ష్యంగా ఇచ్చే ఫోటోను మాత్రం దిద్దకూడదు. ఒక్కసారి మార్చినట్టు తెలిస్తే ఆ తర్వాత నిజమైన ఫోటో చూపినా నమ్మేవారుండరు. ఉన్న డబ్బంతా పోయినా సరే, పాడైన పలకలను ఈస్ట్‌మన్ వెనక్కి తీసుకున్నది ఆ నమ్మకం కోసమే.