ఒక్కసారి సభ్యుడు లింకన్

మన బడి పిల్లలకు అబ్రహాం లింకన్ అంటే అయిదు డాలర్ల నోటు మీది బొమ్మ. ఆయన 1847 నుండి 1849 వరకు, ఒకే ఒక్కసారి, ప్రతినిధుల సభ సభ్యుడిగా ఉన్నారని మేమూ ఈ దేశం వచ్చాకే తెలుసుకున్నాం.

బడి చదువు ఏడాది కూడా లేదు. పుస్తకాలు అడిగి తెచ్చుకుని, లా సొంతంగా చదివి, ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ప్లీడరయ్యారు. సభలో అడుగుపెట్టిన నెలలోనే, మెక్సికో యుద్ధంలో మొదటి రక్తం చిందిన చోటు నిజంగా అమెరికా నేలేనా, ఎక్కడో చూపించమని అధ్యక్షుడు పోక్‌ను నిలదీశారు. అచ్చంగా ప్లీడరు ప్రశ్న! సభ పట్టించుకోలేదు, ప్రత్యర్థి పత్రికలు వెక్కిరించాయి. పార్టీలో వంతుల ఒప్పందం వల్ల మళ్ళీ పోటీ చేయలేదు.

అప్పటికి వయసు నలభై, ఇంచుమించు మా వయసే. తిరిగి ఊరూరా కోర్టుల్లో కేసులు వాదించుకున్నారు. కొత్త ప్రాంతాలకు బానిసత్వం పాకడానికి దారి తీసిన 1854 నాటి చట్టం ఆయన్ని మళ్ళీ రాజకీయాల్లోకి లాగింది. 1858లో సెనేట్‌కు పోటీపడి ఓడారు. 1860లో అధ్యక్షుడిగా గెలిచారు.