లెక్కలు చెప్పి లా చదివిన సంజీవయ్య

దామోదరం సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గరి పెదపాడులో దళిత కుటుంబంలో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. మేనమామ అండతో పెరిగారు. కర్నూలులో బడి, అనంతపురంలో డిగ్రీ పూర్తయ్యాక చిన్నాచితకా ఉద్యోగాలు చేశారు. తర్వాత మద్రాసులో లా కాలేజీలో చేరారు. ఖర్చులు గడవడానికి ఒక బడిలో లెక్కలు చెబుతూనే 1948లో బి.ఎల్. పట్టా అందుకున్నారు. 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయనే. 1972లో కన్నుమూశారు.

విశాఖ దగ్గర సబ్బవరంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. బొబ్బిలి దళితవాడల నుంచి అక్కడ సీటు తెచ్చుకునే పిల్లలకు ఆ పేరొక్కటే చాలదు. ఫీజు, హాస్టలు, పుస్తకాల డబ్బు సకాలంలో అందాలి. సంజీవయ్య పడ్డ పాట్లు వాళ్లూ పడకూడదు.