డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు – ఆయన ఇచ్చిన మందు, మన బాధ్యత



షోలాపూర్ నేత పేటల్లో సాంచాల మోత మధ్య పెరిగిన మన పిల్లలకు యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు అంతగా తెలియదు. ఆయన కృషి ఫలితం మాత్రం ఏదో ఒక మాత్ర రూపంలో మన ఇళ్ళకు వచ్చే ఉంటుంది. గనుక ఆయన జీవితాన్ని క్లుప్తంగా మీ ముందుంచుతున్నాము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఇల్లు గడవడమే కష్టమైన కుటుంబం. మెట్రిక్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యునికి కోపం వచ్చింది, ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికంటె తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే విరేచనాల వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. ఆయనకూ అది సోకగా ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడ్డారు.

1920ల మొదట్లో అమెరికా వెళ్ళి, రాత్రిళ్ళు ఆసుపత్రిలో సేవకుని పని చేస్తూ హార్వర్డులో పరిశోధన సాగించారు. మరల స్వదేశం చూడలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరి పరిశోధనలకు సారథి అయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు పనికివచ్చింది. 1947లో బోదకాలు వ్యాధికి హెట్రజాన్ వచ్చింది.

ఆయన ఆధ్వర్యంలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరీ పొలపు మట్టిలో ఉన్న ఒక సూక్ష్మజీవి నుండి బంగారు రంగు మందు తీశాడు. అదే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. 1948లో దానిని లోకానికి ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు 53వ ఏట కన్నుమూశారు.

తరువాతి కథ విచారకరమైనది. ఆ మందు కలిపిన మేత తిన్న కోళ్ళు త్వరగా పెరుగుతున్నాయని అదే కంపెనీవారు కనుగొన్నారు. జబ్బు లేని కోళ్ళకూ పశువులకూ టన్నుల కొద్దీ మేపారు. మందు తగిలినప్పుడు బలహీనమైన క్రిములు చస్తాయి. తట్టుకొన్నవి మిగిలి వృద్ధి చెందుతాయి. కొన్ని క్రిములు లోపలికి వచ్చిన టెట్రాసైక్లిన్‌ను బయటికి తోడివేస్తాయి. ఆ నేర్పును పక్క క్రిములకూ అందిస్తాయి. 1994లో, మన నేతపనివారు ఎందరో బతుకుతున్న సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం టెట్రాసైక్లిన్ కోసం ఎగబడ్డారు. దుకాణాలు ఖాళీ అయ్యాయి. అవసరం లేనివారూ మింగారు.

మందులకు లొంగని క్రిముల వల్ల 2019లో ప్రపంచమంతటా సుమారు 12.7 లక్షల మంది మరణించారని శాస్త్రజ్ఞుల అంచనా.

మన పేటల సంగతి మాకు తెలుసు. సాంచా దగ్గర ఒక రోజు మానితే ఆ రోజు కూలి పోతుంది. బీడీలు చుట్టే తల్లికీ అంతే. అందుకే డాక్టరు దగ్గర కూర్చోక మెడికల్ షాపులో రెండు మాత్రలు అడుగుతాము. జ్వరం తగ్గగానే ఆపివేస్తాము. ఇది సోమరితనం కాదు, పేదరికం. అయినా క్రిమికి ఆ తేడా తెలియదు. క్షయకు కనీసం ఆరు నెలలు వాడవలసిన మందును రెండు నెలలకే మానితే, మిగిలిన క్రిమి మొండికెత్తి ఇంటిల్లిపాదికీ అంటవచ్చు. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

గనుక జలుబుకు యాంటీబయాటిక్ అడగవద్దు. అది వైరస్‌పై పనిచేయదు. డాక్టరు చెప్పిన రోజులన్నీ వాడండి. మిగిలిన మాత్రలు పొరుగువారికి ఇవ్వవద్దు. మన సంఘాలలో ఎవరైనా క్షయ మందు వాడుతూ కూలి పోగొట్టుకొంటే, ఆ నెలల్లో వారి ఇంటికి బియ్యం, పప్పు చేర్చుదాము. సోదరులను పోగొట్టుకొన్న ఒక తెలుగు వైద్యుని శ్రమ మన మనుమల కాలానికి కూడా పనిచేయాలంటే ఆ పాటి సాయం అవసరమే.