పార్టీని కట్టిన బాబాసాహెబ్

డాక్టర్ భీమ్‌రావ్ రాంజీ అంబేద్కర్ పేరు తెలియని విద్యార్థి మన హాస్టల్లో ఒక్కరు కూడా ఉండరు. ఏటా ఏప్రిల్ 14న ఆయన పటానికి పూలదండ వేస్తాం. డిసెంబర్ 6న మౌనం పాటిస్తాం. రాజ్యాంగ నిర్మాతగా, మహా మేధావిగా ఆయన గురించి ఎన్నో వ్యాసరచన పోటీల్లో రాశాం. కానీ ఆయన రాజకీయ పార్టీలు స్థాపించారనీ, ప్రజల దగ్గరకు వెళ్ళి ఓట్లు అడిగారనీ, గెలిచారనీ, ఓడిపోయారనీ, ఓడినా మళ్ళీ నిలబడ్డారనీ మనలో చాలామందికి తెలియదు. వార్షికోత్సవ సంచికలో ఆ జీవితాన్ని మిత్రుల ముందుంచాలని ఈ చిన్న ప్రయత్నం చేస్తున్నాం.

బాబాసాహెబ్ 1891 ఏప్రిల్ 14న నేటి మధ్యప్రదేశ్‌లోని మహూ సైనిక పట్టణంలో జన్మించారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. తల్లి భీమాబాయి. ఆ దంపతులకు ఆయన పద్నాలుగవ సంతానం. బడిలో మిగతా పిల్లలకు దూరంగా గోనెపట్టా మీద కూర్చుని చదువుకున్న ఆ బాలుడు 1912లో బి.ఎ. పూర్తి చేశారు. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో అమెరికా వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ తరువాత లండన్‌లో ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం చదివారు. అంత చదువు చదివిన మనిషి తన కుటుంబం వరకు చూసుకుని హాయిగా బతకవచ్చు. ఆయన ఆ దారి ఎంచుకోలేదు.

పార్టీ అంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి జెండా, గుర్తు, నాయకుడి ఫొటో. బాబాసాహెబ్ ఈ మూడింటితో మొదలుపెట్టలేదు. ముందు పత్రిక పెట్టారు. 1920 జనవరిలో మూక్‌నాయక్ వెలువడింది. కొల్హాపూర్ పాలకుడు సాహూ మహరాజ్ దానికి ఆర్థిక సాయం చేశారు. తరువాత సంఘం పెట్టారు. 1924లో బహిష్కృత హితకారిణి సభ ఏర్పడింది. ఆ సభ మొదట చేసిన పనుల్లో ఒకటి 1925లో షోలాపూర్‌లో అణగారిన కులాల విద్యార్థుల కోసం హాస్టల్ తెరవడం. మిత్రులారా, ఈ విషయం మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఓటు హక్కే లేని రోజుల్లో, పార్టీ అనే మాటే రాకముందు ఆయన మన హాస్టల్ లాంటి హాస్టల్‌తో పని ప్రారంభించారు. 1927లో మహాద్ చెరువు నీటి కోసం వేలమందిని నడిపించారు. అదే ఏడాది బహిష్కృత భారత్ అనే మరో పత్రిక ప్రారంభించారు. చదివించే సంస్థ, విషయం చేరవేసే పత్రిక, పిలిస్తే కదిలే కార్యకర్తలు. పార్టీకి పునాదులు ఇవే.

1932లో రాజకీయాల్లో పెద్ద మలుపు వచ్చింది. అణగారిన వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తున్నట్లు బ్రిటిష్ ప్రభుత్వం ఆగస్టులో ప్రకటించింది. ప్రత్యేక నియోజకవర్గం అంటే ఆ వర్గం ఓటర్లే తమ ప్రతినిధిని ఎన్నుకుంటారు. దీనికి వ్యతిరేకంగా గాంధీజీ యరవాడ జైలులో నిరాహార దీక్షకు దిగారు. చివరకు సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం కుదిరింది. రాష్ట్ర శాసనసభల్లో రిజర్వు స్థానాలు 148కి పెరిగాయి కానీ ఓటర్ల జాబితా ఉమ్మడిది అయ్యింది. ముందు అణగారిన కులాల ఓటర్లు నలుగురిని ఎంపిక చేయాలి. ఆ నలుగురిలో ఒకరిని అన్ని కులాల ఓటర్లూ కలిసి ఎన్నుకోవాలి. అంటే సొంత వర్గం మెచ్చిన మనిషి కూడా మిగతావారి ఓట్లు పడకపోతే గెలవలేడు. బాబాసాహెబ్ జీవితాంతం ఎదుర్కొన్న చిక్కు ఇదే.

ఆ చిక్కుకు ఆయన వెతికిన మొదటి జవాబు 1936 ఆగస్టులో స్థాపించిన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ. పేరులో కులం లేదు. కౌలు రైతులు, కూలీలు, మిల్లు కార్మికులు అందరినీ కలుపుకోవాలన్నది ఉద్దేశం. ఇతర కులాల వారికి కూడా టిక్కెట్లు ఇచ్చారు. అప్పట్లో అందరికీ ఓటు లేదు. ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు ఉండాలి. 1937 ఎన్నికల్లో బొంబాయి శాసనసభకు ఆ పార్టీ 17 మందిని నిలబెట్టింది. ఏడాది కూడా నిండని పార్టీ అయినా వారిలో మూడింట రెండు వంతులకు పైగా గెలిచారు. ఒకరికన్నా ఎక్కువమందిని ఎన్నుకునే నియోజకవర్గాల్లో ఓటరు తన ఓట్లన్నీ ఒకే అభ్యర్థికి వేసుకునే వీలు బొంబాయి రాష్ట్రంలో ఉండేది. ఒక్కమాట మీద నిలబడే చిన్న సమూహానికి ఆ నియమం కలిసి వచ్చింది.

గెలిచాక ఓటరును మరచిపోలేదు. కొంకణ్ ప్రాంతంలో ఖోతీ అనే పద్ధతి ఉండేది. ప్రభుత్వానికీ రైతుకూ మధ్య ఖోత్ అనే పెత్తందారు నిలబడి శిస్తు వసూలు చేసేవాడు. దీన్ని రద్దు చేయాలని 1937లో బాబాసాహెబ్ సభలో బిల్లు పెట్టారు. 1938 జనవరిలో వేలాది రైతులు బొంబాయికి వచ్చి శాసనసభ వైపు ఊరేగింపు తీశారు. సభ లోపల బిల్లు, సభ బయట జనం. అదే ఏడాది నవంబర్ 7న కార్మికుల సమ్మె హక్కును కుదించే బిల్లుకు వ్యతిరేకంగా, విభేదాలున్న కమ్యూనిస్టులతో కూడా కలిసి ఒకరోజు సమ్మె నడిపించారు. పార్టీ పని ఎన్నికల రోజుతో ముగిసిపోదని ఇంతకన్నా ఎవరు చూపించగలరు?

1942 జూలైలో నాగపూర్‌లో అఖిల భారత షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఏర్పడింది. మద్రాసుకు చెందిన ఎన్. శివరాజ్ దానికి అధ్యక్షులయ్యారు. ఒక రాష్ట్రం పార్టీ దేశం పార్టీగా మారింది. కానీ 1946 ఎన్నికల్లో ఘోర పరాజయం ఎదురైంది. దేశం మొత్తం మీద 151 రిజర్వు స్థానాలు ఉంటే ఫెడరేషన్‌కు దక్కినవి రెండే. కాంగ్రెస్‌కు ఊరూరా శాఖలు, డబ్బు, స్వాతంత్ర్య పోరాటం తెచ్చిన పేరు ఉన్నాయి. ఫెడరేషన్‌కు అభిమానులు ఉన్నారు కానీ ఉమ్మడి ఓటర్ల దగ్గరకు వెళ్ళే యంత్రాంగం లేదు. అదే సంవత్సరం బాబాసాహెబ్ బెంగాల్ శాసనసభ్యుల ఓట్లతో రాజ్యాంగ సభకు వెళ్ళవలసి వచ్చింది.

ఆ రాజ్యాంగ సభలోనే ఆయన ముసాయిదా కమిటీ అధ్యక్షులయ్యారు. రాజ్యాంగంలోని 326వ అధికరణం ఆస్తి, చదువు, కులం, స్త్రీ పురుష భేదం చూడకుండా వయసు వచ్చిన పౌరులందరికీ ఓటు ఇచ్చింది. అప్పుడు ఆ వయసు 21 ఏళ్ళు. 1989 నుండి 18 ఏళ్ళు. సంతకం రాని మన తాతకూ, పట్టా భూముల దొరకూ ఒకటే ఓటు. ప్రపంచంలో చాలా దేశాలు అంచెలంచెలుగా ఇచ్చిన హక్కును మన దేశం ఒకేసారి ఇచ్చింది.

కానీ ఆ హక్కుతో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లోనే బాబాసాహెబ్ ఓడిపోయారు. 1951 సెప్టెంబర్‌లో హిందూ కోడ్ బిల్లు విషయంలో నిరాశ చెంది మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1952లో బొంబాయి ఉత్తర నియోజకవర్గం నుండి ఏనుగు గుర్తుపై, సోషలిస్టు పార్టీ పొత్తుతో పోటీ చేశారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఓటరుకు రెండు ఓట్లు ఉన్నా రెండూ ఒకే మనిషికి వేయడానికి ఈసారి వీలు లేదు. కాంగ్రెస్ అభ్యర్థి నారాయణ్ కాజ్రోల్కర్ చేతిలో సుమారు 14 వేల ఓట్ల తేడాతో ఆయన ఓడిపోయారు. ఫెడరేషన్ లోక్‌సభలో గెలిచిన స్థానాలు రెండు. ఒకటి షోలాపూర్. రెండవది అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలోని మన కరీంనగర్. అక్కడి నుండి ఎం.ఆర్. కృష్ణ గెలిచి ఢిల్లీ వెళ్ళారు. నాయకుడు స్వయంగా ఓడిన ఎన్నికలో ఆయన పార్టీని తెలుగు నేల గెలిపించిందని ఎంతమందికి తెలుసు?

1954లో భండారా ఉప ఎన్నికలోనూ బాబాసాహెబ్ ఓడిపోయారు. అయినా ఓటు మీద నమ్మకం వదులుకోలేదు. లోపం ఎక్కడుందో వెతికారు. 1956 జూలైలో బొంబాయిలో రాజకీయ ప్రవేశానికి ఒక శిక్షణ పాఠశాల తెరిపించారు. మొదటి బ్యాచ్‌లో విద్యార్థులు పదిహేను మందే. శాసనసభకు వెళ్ళేవాడు చదువుకుని వెళ్ళాలని ఆయన కోరిక. షెడ్యూల్డ్ కులాలకే పరిమితం కాని కొత్త రిపబ్లికన్ పార్టీకి ఆలోచన చేశారు. అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారు. డిసెంబర్ 6న ఢిల్లీలో కన్నుమూశారు. ఆయన తలపెట్టిన పార్టీ 1957 అక్టోబర్‌లో ఆయన లేకుండానే పుట్టింది. తరువాతి కాలంలో ముక్కలు ముక్కలైంది. ఒక్క మనిషి మీద నిలిచిన ఇల్లు ఆ మనిషి పోతే ఏమవుతుందో అది కూడా మనకు పాఠమే.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మాలో చాలామందిమి మా ఇళ్ళలో మొదటి డిగ్రీ వాళ్ళం. ఓటరు కార్డు మీద పేరు చదివి చెప్పమని మన అమ్మలు మన చేతికే ఇస్తారు. ఎన్నికలు వస్తే మన వాడకు అన్ని రంగుల జెండాలూ వస్తాయి. ఆటోలు వస్తాయి, చీరలు వస్తాయి, సీసాలు వస్తాయి. ఊరేగింపులో జెండా మోయడానికి హాస్టల్ విద్యార్థులు కావాలి. సభ నిండడానికి మన వాడ కావాలి. పోలింగ్ అయిపోయిన మర్నాడు మెస్ బిల్లులు ఆగిపోయాయని, స్కాలర్‌షిప్ రాలేదని చెప్పుకుందామంటే వినే మనిషి దొరకడు.

ఏ పార్టీలో చేరాలో, ఏ పార్టీకి ఓటు వేయాలో చెప్పడం మా ఉద్దేశం కాదు. కానీ మన దగ్గరకు వచ్చే ప్రతి పార్టీనీ బాబాసాహెబ్ జీవితంతో కొలిచి చూద్దాం. మా వాడలో మీకు సభ్యులు ఉన్నారా, వట్టి జెండా మోసేవాళ్ళే ఉన్నారా? కమిటీలో మా వాళ్ళ మాట చెల్లుతుందా? డబ్బు ఎక్కడి నుండి వస్తోంది? గెలిచాక మా కోసం సభలో ఏ బిల్లు పెట్టారు? ఈ ప్రశ్నలు అడగడానికి పెద్ద చదువు అక్కరలేదు, ధైర్యం చాలు.

బాబాసాహెబ్ మనకు ఓటు సాధించిపెట్టారు. ఆ ఓట్లను ఒక్కచోటికి చేర్చే పని మాత్రం ఎంత కష్టమో తన ఓటములతో కూడా చూపించి వెళ్ళారు. 1925లో షోలాపూర్ హాస్టల్లో మొదలైన ఆ పని ఇంకా పూర్తి కాలేదు. 18 ఏళ్ళు నిండిన ప్రతి హాస్టల్ మిత్రుడూ, మిత్రురాలూ ముందు ఓటరు జాబితాలో తమ పేరు ఉందో లేదో చూసుకోవాలని, ఊరికి వెళ్ళినప్పుడు తమ వాడలో వారి పేర్లు కూడా చూసిపెట్టాలని ఈ సంచిక ద్వారా కోరుతున్నాం.

జై భీమ్!