నాంపల్లి సేవాగృహము: శ్రీమతి సరోజినీదేవి జీవితము

నాంపల్లి రైలు నిలయమునుండి అబిడ్స్ వైపు సాగు దారిలో, దుకాణముల సందడి నడుమ, గోల్డెన్ త్రెషోల్డ్ అను పాత బంగళా ఒకటి కలదు. ఆ దారిన పోవువారిలో అనేకులు దాని వంక చూడక సాగిపోవుదురు. కాని ఒక కుటుంబము తన వాకిలిని పరుల కొరకు ఎట్లు తెరచి ఉంచవలెనో ఆ ఇంటి చరిత్ర తెలుపుచున్నది. ఆ ఇంటి ఇల్లాలు శ్రీమతి సరోజినీనాయుడు గారు. కవయిత్రిగా, జాతీయ నాయకురాలిగా ఆమెను ఎరుగనివారు అరుదు. అయితే తన నగరమున ఆపన్నులకు ఆమె చేసిన సేవ అంతగా ప్రచారములోనికి రాలేదు.

సరోజినీదేవి గారు 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదు నగరమున జన్మించిరి. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయ గారు తూర్పు వంగదేశీయులు. ఎడింబరో విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్రములో డాక్టరు పట్టము పొంది, నిజాము రాజ్యమునకు వచ్చి హైదరాబాదు కళాశాలను నెలకొల్పిరి. అదియే తరువాత నిజాం కళాశాల అయినది. తల్లి వరదసుందరీదేవి గారు. భర్త విదేశములలో చదువుచున్న కాలమున ఆమె కేశవచంద్రసేనుని భారతాశ్రమములో నివసించిరి. దంపతులిరువురును బ్రహ్మసమాజ మతానుయాయులు. దైవము ఒక్కడే, మనుజులందరు ఆయన బిడ్డలే అను విశ్వాసమును వారు ప్రార్థనా మందిరముతో ముగించక, వంటయింటి వరకు కొనివచ్చిరి.

ఆ ఇంటికి కులమతముల కట్టుబాటు లేదు. రాజోద్యోగులు, పండితులు, ఫకీరులు, బిచ్చగాండ్రు అందరును వచ్చెడివారు. అఘోరనాథుల వారి ధనము రెండు విధముల వ్యయమయ్యెడిది. ఒకటి పరోపకారము, రెండవది లోహమును బంగారముగా మార్చవలెనను రసవాద ప్రయోగములు. రెండవదానివలన ఫలము దక్కలేదు. మొదటిదాని ఫలము బిడ్డల నడవడిలో నిలిచినది. శివశరణులు దాసోహము అను పేరుతో బోధించిన ధర్మమునే, ఆ మాట ఎరుగని ఒక వంగ గృహస్థుడు తన ఇంట నడిపెనని చెప్పవచ్చును. న్యాయమని తోచినది పలుకుటకు ఆయన వెరచువారు కారు. 1883లో చాందా రైలుమార్గపు ఒడంబడికను గూర్చి ప్రజలపక్షమున మాటాడినందున రాజ్యమునుండి బహిష్కరింపబడిరి. కొంతకాలమునకు ప్రభుత్వము ఆయనను మరల ఆహ్వానించినది.

ఎనమండుగురు సంతానములో సరోజినీదేవి గారే జ్యేష్ఠురాలు. పండ్రెండవ ఏట మద్రాసు మెట్రిక్యులేషన్ పరీక్షలో ప్రథమస్థానము పొందిరి. 1895లో నిజాము ప్రభువు మీర్ మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన విద్యార్థి వేతనముతో ఇంగ్లండునకు పోయి, లండనులోని కింగ్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలోను చదివిరి. ఆరోగ్యము చాలక 1898లో తిరిగి వచ్చిరి.

ఆ సంవత్సరమే డిసెంబరు 2న మద్రాసులో ఆమెకు డాక్టరు ముత్యాల గోవిందరాజులు నాయుడు గారితో వివాహము జరిగినది. వరుడు తెలుగువారు, నిజాము సేవలోని వైద్యులు. వధువు వంగ బ్రాహ్మణ కన్య. 1872 నాటి వివాహ చట్టము ననుసరించి జరిగిన ఆ కులాంతర వివాహమును కందుకూరి వీరేశలింగం పంతులు గారు జరిపించిరి. ఆ దినములలో ఇట్టి పెండ్లికి సమ్మతించుట చుట్టములను, సంఘమును ఎదిరించుటయే. కన్న తండ్రియే ముందు నిలిచి బిడ్డకు ధైర్యమిచ్చుట ఆ కుటుంబపు విశ్వాసము ఎంత గట్టిదో తెలుపుచున్నది.

ఈ దంపతులకు జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి అను నలుగురు సంతానము కలిగిరి. 1905లో లండనులో వెలువడిన ఆమె తొలి కవితాసంపుటి పేరే నాంపల్లి గృహమునకు స్థిరపడినది. పుట్టినింటి సంప్రదాయము మెట్టినింటను సాగినది. హిందువులు, మహమ్మదీయులు, పారసీకులు, క్రైస్తవులు ఒకే పంక్తిని కూర్చుండి భుజించెడివారు. నాటి హైదరాబాదులో అది సామాన్య విషయము కాదు.

ఈ పెంపకమునకు నిజమైన పరీక్ష 1908లో వచ్చినది. సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరముపై పడినది. వంతెనలు కొట్టుకొనిపోయినవి. నదికి ఇరుగడల నున్న పేటలకు పేటలే నేలమట్టమైనవి. 15,000 మంది వరకు మరణించిరని అంచనా. అఫ్జల్ గంజ్ వద్ద ఒక చింతచెట్టును ఎక్కి ప్రాణములు దక్కించుకొన్నవారు సుమారు 150 మంది. ఆ వృక్షమును నగరవాసులు నేటికిని పూజ్యభావముతో చూచుచున్నారు.

వరద తీసిన పిదప మరియొక కష్టము తలయెత్తినది. ప్రభుత్వము అన్నదాన కేంద్రములు తెరచినను, ఘోషాలో పెరిగిన స్త్రీలు పరపురుషుల ఎదుట బారులు తీరి నిలువజాలరు. కట్టుబట్ట తప్ప ఏమియు మిగులని ఇల్లాలు పసిబిడ్డల నెత్తుకొని గోడ చాటున కూర్చుండియే ఆకలిచే కృశింపవలసిన స్థితి. పురుష సేవకులు ఆ గడప దాటరాదు. స్త్రీలే స్త్రీల వద్దకు పోవలెను. సరోజినీదేవి గారు ఈ పనికి పూనుకొనిరి. అప్పటికి ఆమెకు ఇరువది తొమ్మిదేండ్లు. ఇంట నలుగురు పసివాండ్రు, ఒంట తరచు వ్యాధి. అయినను వెనుదీయక వరదబాధితులైన స్త్రీలకు, శిశువులకు సహాయము అందు ఏర్పాటులలో నడుము కట్టి నిలిచిరి. మహమ్మదీయ కుటుంబములలో ఆమెకు బాల్యమునుండి గల మైత్రి ఇచ్చట అక్కరకు వచ్చినది. ఉర్దూ పలుకుబడి తెలిసిన ఆమెను ఏ జనానా పరాయిగా చూడలేదు.

ఆ కార్యమున శ్రీమతి అమీనా హైదరీ గారును అట్లే పాటుపడిరి. వీరిరువురకు ప్రభుత్వము కైజరె హింద్ పతకముల నొసగినది. ఒకరిది బ్రహ్మసమాజము, మరియొకరిది ఇస్లాము. దైవమును పిలుచు తీరు వేరైనను, వరదనీటిలో నిలిచిన తల్లి ఆర్తనాదము ఇరువురి చెవులకు ఒక్క తీరుననే వినబడినది.

పతకమునందు సరోజినీదేవి గారికి మమకారము లేదు. 1919లో జలియన్‌వాలా బాగులో నిరాయుధ జనులపై కాల్పులు జరిగిన పిదప, ఆ అన్యాయమునకు నిరసనగా దానిని ప్రభుత్వమునకు తిరిగి పంపివైచిరి. చేసిన సేవ ఆపన్నులకే చెందినది గాని పతకమునకు చెందినది కాదు. కనుకనే దానిని విడుచుట ఆమెకు భారము కాలేదు.

1914లో చికిత్స నిమిత్తము ఆమె లండనులో నుండగా మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైనది. సైనికులకు వస్త్రములు కుట్టియిచ్చు పనిని లైసియం అను స్త్రీల సంఘము చేపట్టినది. అప్పుడే దక్షిణాఫ్రికానుండి వచ్చిన గాంధీ మహాత్ముని ఎదుట ఆమె కత్తిరించిన బట్టల రాశిని ఉంచి, కుట్టించి తెమ్మని కోరిరి. మహాత్ముడు తన మిత్రుల సహాయముతో ఆ బట్టలను కుట్టించి పంపెను. ఆ మహనీయులిరువురి పరిచయము సూది దారములతో మొదలగుట గమనింపదగిన విషయము. గొప్ప వేదికల కన్న ముందు చిన్న పని వారిని కలిపినది.

అటుపిమ్మట ఆమె జీవితము దేశమంతటికి చెందినది. 1925లో కాన్పూరు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిరి. ఆ పదవి నధిష్ఠించిన భారతీయ స్త్రీలలో ఆమెయే ప్రథమురాలు. 1930లో ధరాసన ఉప్పు సత్యాగ్రహమునకు నాయకత్వము వహించి చెరసాల కేగిరి. 1947లో సంయుక్త రాష్ట్రముల గవర్నరైరి. 1949 మార్చి 2న లక్నో నగరమున పరమపదించిరి.

ఇంటి దీపము ఆరలేదు. కుమారుడు జయసూర్య గారు వైద్యవృత్తి నవలంబించి, 1952లో మెదకు నుండి లోకసభకు ఎన్నికైరి. కుమార్తె పద్మజానాయుడు గారు పశ్చిమ వంగ రాష్ట్రమునకు గవర్నరుగా పనిచేసి, 1971-72లో భారత రెడ్‌క్రాస్ సంస్థకు అధ్యక్షురాలైరి. వరదబాధితులకై తల్లి ఒక నగరమున చేసిన పనికిని, కుమార్తె దేశమంతటికి వహించిన బాధ్యతకును మూలము ఒక్కటే. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము తన తొలి అడుగులు వేసినది ఈ నాంపల్లి గృహములోనే. అన్నము పెట్టిన ఇల్లే విద్యకును నీడ అయినది.

ఈ చరిత్రలో గృహస్థులకు అసాధ్యమైనది ఏదియు లేదు. భోజనవేళ వచ్చినవానిని కులమడుగక కూర్చుండబెట్టుట, ఇరుగుపొరుగున ఆపద వచ్చినపుడు బయటికి రాలేనివారు ఎవరో వెదకి వారి గడపకు పోవుట, కత్తిరించిన బట్టకు నాలుగు కుట్లు వేయుట, వీనికి గొప్ప సంపద అక్కర లేదు. పిల్లలు చూచుచుండగా పెద్దలు చేయవలెను. అఘోరనాథుల ఇంట జరిగినది ఇంతే. తండ్రి పంక్తిలో కూర్చుండి కన్న బిడ్డ, మూసీ ఒడ్డున నిలిచిన ఆనాడు ఏమి చేయవలెనో ఎవరిని అడుగ నవసరము లేకపోయినది.