విద్యార్థిగా వచ్చి ఆచార్యుడైన ఫిడేలు నాయుడుగారు

విజయనగరం: సంగీతం కూడు పెట్టని విద్య అని మన పల్లెల్లో పెద్దలు అనడం కద్దు. పిల్లవాడు పాట మీద మోజు పడితే బెత్తం పట్టుకునే తండ్రులు వెనుకటి కాలంలో చాలామంది ఉండేవారు. వారిని తప్పు పట్టడానికీ లేదు. పాట నేర్పే గురువుకే నెల గడిచే దారి లేనప్పుడు శిష్యుడికి భరోసా ఎక్కడిది? ఆ గురువుకు జీతం, కుర్చీ, గౌరవం ఏర్పరచిన ఊరు మన విజయనగరం. ఆ కుర్చీకి వన్నె తెచ్చిన మహావిద్వాంసుడు కీర్తిశేషులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. జనం నోట ఆయన ఫిడేలు నాయుడుగారు.

నాయుడుగారు 1893 నవంబరు 8న, దీపావళి నాడు, బెంగుళూరులో జన్మించారు. తండ్రి సైనికోద్యోగి. ఆ కుటుంబం తరువాత విశాఖపట్నం చేరింది. చూపు మందగించడంతో బడి చదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య ఫిడేలు చేతికిచ్చి తొలి పాఠాలు చెప్పారు. నల్లబల్ల మీది అక్షరం కనబడని పిల్లవాడికి తీగ మీది స్వరం పట్టుబడింది. ఏళ్ల తరబడి సాధన చేశారు.

అది సంస్థానాల కాలం. సంగీతం నేర్చుకోదలచినవాడు గురువుగారింట చేరి నీళ్లు తోడాలి, చిల్లర పనులు చేయాలి, ఆయన మనసు బాగున్నప్పుడు రెండు ముక్కలు నేర్చుకోవాలి. ఆ గురువుగారి బతుకేమో జమీందారు దయ, పెళ్లిళ్ల సీజను మీద ఆధారపడి ఉండేది. ఈ పరిస్థితిలో 1919లో విజయనగరం మహారాజా విజయరామ గజపతి ఒక గాన పాఠశాల నెలకొల్పారు. సంస్థానోద్యోగి ఒకరి అంధ కుమారుడికి సంగీతం చెప్పించే ఆలోచనే పెరిగి పాఠశాల అయిందని ఇక్కడి పెద్దలు చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. దాసుగారిది అజ్జాడ. ఆ ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది.

ఆ పాఠశాలలో చేరి నేర్చుకోవాలని విశాఖ నుంచి నాయుడుగారు విజయనగరం వచ్చారట. విద్యార్థిగా చేర్చుకోవలసిన మనిషి వాయించి చూపేసరికి వినేవారు ఆశ్చర్యపోయి, బెంచీ మీద కాదు, కుర్చీలో కూర్చోమన్నారని చెప్పుకుంటారు. ఆ ముచ్చట ఎలా ఉన్నా, 26వ ఏట ఆయన అక్కడే ఫిడేలు ఆచార్యులైన మాట వాస్తవం. పట్టాలు చూడకుండా పనితనం చూసి ఉద్యోగమిచ్చిన ఆ రోజులను తలచుకుంటే ముచ్చటేస్తుంది.

1936లో దాసుగారి తరువాత అధ్యక్ష పదవి నాయుడుగారిని వరించింది. ఆ కాలంలో విజయనగరం వచ్చి చేరిన పేద పిల్లలు ఎందరో. ఘంటసాల వెంకటేశ్వరరావు ఇక్కడ ఇంటింటా మధూకరమెత్తుకుని కడుపు నింపుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద పాట నేర్చారు. 1940లో పిఠాపురం దగ్గరి కొత్తపల్లి నుంచి నేదునూరి కృష్ణమూర్తి అనే కుర్రవాడు వచ్చి ద్వారం నరసింగరావు నాయుడుగారి వద్ద గాత్రం, ఫిడేలు అభ్యసించాడు. అన్నం పెట్టిన తల్లులు ఒక పక్క, జీతం తీసుకుని పాఠం చెప్పిన పంతుళ్లు మరొక పక్క లేకుంటే ఈ పిల్లలు ఏమయ్యేవారో!

అప్పటికి ఫిడేలు అంటే పాటగాడి పక్కన కూర్చుని అతని వెంట నడిచే వాద్యమే. నాయుడుగారు దానిని ముందుకు తెచ్చి కూర్చోబెట్టారు. 1938లో వేలూరులో ఫిడేలే ప్రధానంగా కచేరీ చేశారు. కమాను నిడుపుగా లాగితే ఆ నాదం మనిషి గొంతులా పలికేదని విన్నవారు చెప్పేవారు.

మద్రాసులో 1928లో ఏర్పడిన మ్యూజిక్ అకాడమీ విద్వాంసులందరినీ ఏటా ఒకచోట చేర్చి, రాగలక్షణాలపై చర్చలు జరిపించే సంస్థ. సంగీతం పంతుళ్లను తయారుచేయడానికి 1931లోనే ఒక కళాశాల కూడా తెరిచింది. పాఠం చెప్పడం వేరే విద్య అని, దానికీ శిక్షణ కావాలని ఆనాడే గుర్తించారన్నమాట. ఆ అకాడమీ 1941 సభలకు అధ్యక్షులు మన నాయుడుగారే. సంగీత కళానిధి బిరుదు అప్పటిదే. విజయనగరంలో పాఠాలు చెప్పే మేష్టారు దక్షిణాది విద్వాంసుల సభకు పెద్దగా కూర్చోవడం ఉత్తరాంధ్రకు చిన్న విషయం కాదు.

1952లో అమెరికా ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మన దేశం వచ్చారు. మద్రాసులో న్యాయమూర్తి పి.వి.రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాదన విని ఎంతో మెచ్చుకున్నారు. అదే సంవత్సరం నాయుడుగారు ఢిల్లీలో అంధుల సహాయ నిధి కోసం కచేరీ చేశారు. చూపు లేని కష్టం ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. 1964 నవంబరు 25న ఆయన కన్నుమూశారు. శతజయంతి సంవత్సరమైన 1993లో తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.

1948 చట్టంతో జమీందారీలు పోయాయి. పోషించిన చేతులు మారినా పాఠశాల మూతపడలేదు. అది ప్రభుత్వ సంగీత కళాశాల అయింది, పంతుళ్ల జీతాల బాధ్యత ఖజానా మీద పడింది. 1940లో వచ్చిన ఆ కొత్తపల్లి కుర్రవాడు పెరిగి పెద్దవాడై ప్రభుత్వ సంగీత కళాశాలలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1991లో ఆయనకూ సంగీత కళానిధి బిరుదు దక్కింది. 2019 నాటికి విజయనగరం కళాశాలకు నూరేళ్లు నిండాయి.