వెలుగు పంచిన వైద్యుడు

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970వ సంవత్సరమువరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ జిల్లాలోనే 1920లో డాక్టర్ పోతిరెడ్డి శివారెడ్డిగారు జన్మించిరి.

ఆ కాలమున పల్లెలలో కంటివైద్యము దుర్లభము. శుక్లము ముదిరి చూపు పోయిన వృద్ధులు అది తమ తలవ్రాతయని ఊరకుండెడివారు. శివారెడ్డిగారు మదరాసులో వైద్యవిద్య నభ్యసించి, నేత్రచికిత్సయందు ప్రావీణ్యము గడించిరి. పిమ్మట హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి అధిపతులైరి. పేదలు నగరమునకు రాలేనిచో వైద్యుడే పల్లెకు పోవలెనని తలచి, వందలకొలది ఉచిత శిబిరములు నడపిరి. వారి చేతిమీదుగా జరిగిన శుక్లపు శస్త్రచికిత్సలు లక్షకు మించినవి.

అయినను కేవలము నేర్పునకు లొంగని అంధత్వ మొకటి కలదు. నల్లగ్రుడ్డుపై అద్దమువంటి పలుచని పొర యుండును. దానిని కార్నియా యందురు. రాతిపెచ్చు తగిలినను, వరిపొట్టు గీచినను, సున్నము పడినను అది తెల్లబడి పువ్వు వేయును. అప్పుడా పొరను తొలగించి, మృతుల కన్నునుండి తీసిన పొరను కుట్టవలెను. మరణించిన కొలది గంటలలోనే ఆ కన్నును సేకరింపవలెను. శోకమున మునిగియున్న వారిని కన్నులిమ్మని యడుగుట ఎంత కష్టము! కన్నులిచ్చినవారు మరుజన్మమున గ్రుడ్డివారగుదురను భయము సైతము జనులలో నుండెను. శివారెడ్డిగారు వెనుదీయక 1964లో హైదరాబాదున టి. ఎల్. కపాడియా నేత్రనిధిని నెలకొల్పిరి.

1977లో భారతప్రభుత్వము వారిని పద్మభూషణ బిరుదముతో గౌరవించెను. 2005లో వారు పరమపదించిరి.

కంటికై చేయు దానము నేడు మరణించినవారితోనే ఆగలేదు. గర్భములోని శిశువును చుట్టి ఉమ్మనీటిని నిలుపు సంచికి మెత్తని లోపొర గలదు. దానిని కంటికి వాడవచ్చునని 1940లోనే డి రోత్ అను వైద్యుడు చూపెను. శస్త్రచికిత్సతో ప్రసవించిన తల్లి సమ్మతించినచో, రోగములు లేవని పరీక్షించి, మాయనుండి ఆ పొరను వేరుచేసి భద్రపరుతురు. సున్నముచేతనో ఆమ్లముచేతనో కాలిన కంటిపై దానిని పరచి కుట్టినచో, వాపు తగ్గి, క్రొత్త కణములు ప్రాకుటకు ఆధారమగును. పారవేయబడు మాయయే ఒక కంటికి మందగుచున్నది!

వైద్యుని హస్తకౌశల మెంత గొప్పదైనను, ఇచ్చువారు లేనిదే అది నిష్ఫలము. ఇచ్చు గుణమును జనులలో మేల్కొలుపుటయు చికిత్సయేయని శివారెడ్డిగారి జీవితము తెలుపుచున్నది.